మేకపిల్ల దగ్గుతోందా?

జాబొర్యె గ్రామం,
1996, ఎగోరీ పండుగ మర్నాడు

తమ్ముడు సావాకి,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నిన్న పశువుల్ని చలికాలం తరవాత మొదటిసారి పచ్చికకి తోలాం. తల్లిమేక గేటు దాకా వెళ్లి ఆగి, వెనక్కి చూసింది. పిల్ల కోసం.

రెండు వారాలన్నావు. నాటకంలో ఒక్క సీను అన్నావు. ఈస్టర్‌కి వచ్చి, పోతూ పోతూ దాన్ని కోటులో పెట్టుకుని పట్టుకుపోయావు. ఆ పూట నేను గుడి రొట్టెలకి పిండి కలుపుతున్నాను. ఆ పిండి పొంగేదాకా ఇంట్లో మాట పెరగకూడదు. నీకు ఆ సంగతి తెలుసు. తెలిసే ఆ పూట అడిగావు.

మేకపిల్ల తింటోందా? దగ్గుతోందా? అది రాయి.

ప్రవక్త ఇలియా పండుగ లోపు దాన్ని తీసుకురావాలి. ఆగస్టు రెండు. మరిచిపోకు.

అక్క,
ఉస్తీన్యా


పీటర్స్‌బర్గ్,
ఉమ్మడి వంటగదిలో నా వంతు బల్ల మీంచి

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఉపవాసాల్లో నువ్వు కాచే చారు కూడా ఇంతకంటే చిక్కగా ఉంటుంది! ఉన్న నాలుగు ముక్కల్లోనూ మూడు మేకపిల్లవే. ఫిబ్రవరిలో నిమోనియా వచ్చి, డాక్టర్లు చేతులెత్తేశాక కూడా బతికి బట్టకట్టిన సొంత తమ్ముణ్ని "ఎలా ఉన్నావురా" అని ఒక్క మాట అడిగావా? ఈస్టర్‌కి వచ్చినప్పుడూ అడగలేదు. గుమ్మంలో నన్ను ఎగాదిగా చూసి, "కాళ్లు తుడుచుకో" అన్నావు. ఇప్పుడు మేకపిల్ల దగ్గుతోందా అట! అది దగ్గడం లేదక్కా. నేను దగ్గుతున్నాను. నాలుగు కాళ్లు లేవు కదా, నా సంగతి ఎవరిక్కావాలి?

సరే, నీ ముద్దుల జీవి కబుర్లు. దానికి మాస్ట్రో అని పేరు పెట్టాను. నా మంచం కింద పడుకుంటుంది. పక్కగది ముసలావిడ క్యాలెండర్లో జూన్, జులై నెలలు నమిలేసింది. ఆవిడకి మే అయిపోగానే ఇక ఆగస్టే.

నాటకం అదిరింది. నువ్వు చెప్పిన కథే. అమ్మ చనిపోయిన చలికాలం పొయ్యి అరుగు మీద నన్ను పక్కన పడుకోబెట్టుకుని రోజూ చెప్పేదానివి. అనాథలైన అక్కా తమ్ముడూ మండుటెండలో నడుస్తుంటారు. వాడికి దాహం. ఆవు డెక్క పడ్డ గుంటలో నీళ్లు కనిపిస్తే అక్క వద్దంటుంది, తాగితే దూడవైపోతావని. గుర్రం డెక్క గుంట, మళ్లీ వద్దు. మేక డెక్క గుంట దగ్గర అక్క అటు తిరగ్గానే వాడు గుటుక్కున తాగేసి మేకపిల్లైపోతాడు. తరవాత అక్కకి పెళ్లవుతుంది. మంత్రగత్తె వచ్చి, అక్క మెడకి బండరాయి కట్టి ఏట్లో తోసేసి, తనే అక్క వేషం వేసుకుని, మేకపిల్లని కోయండంటుంది. గుండిగలు మరుగుతాయి, కత్తులు నూరతారు. చివరికి అక్క బతికొస్తుంది, వాడు సంతోషంతో మూడు పల్టీలు కొట్టి మనిషైపోతాడు.

ఇదంతా పాత క్యాబేజీ పచ్చడి. నా నాటకంలో మంత్రగత్తె లేదు. అక్కే మంత్రగత్తె! "వద్దు, వద్దు" అంటూ తమ్ముడి దాహాన్ని అణిచేసే అధికారం ఆవిడ. గుంటలో నీళ్ల బదులు విదేశీ సోడా పోశాం. బూడిదరంగు శాలువా కప్పుకున్న అక్క నలభైసార్లు వద్దంటుంది, జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఒక విమర్శకుడు "మేకపిల్ల నటనలో అరుదైన నిగ్రహం ఉంది" అని రాశాడు. తమ్ముడి వేషం వేసినవాడు ఆ రోజు నుంచి దానికి క్యాబేజీ ఆకు పెట్టడం మానేశాడు.

నీ
సావా


జాబొర్యె,
ట్రినిటీ ఆదివారం

సావా,

దానికి పేరు పెట్టకూడదు. పెట్టేశావు. ఆ పేరుతో పిలవకు.

స్కూలు టీచరమ్మ పేపరు తెచ్చి చదివింది. అణిచివేసే అక్క బొమ్మ కూడా వేశారు. శాలువా నాదే. అంచున నేను వేసిన అతుకు కనిపించింది. చలి రాక ముందు పంపు.

నేను నీకు ఎప్పుడు వద్దన్నానా అని ఆలోచించాను. పొగాకు వద్దనలేదు. పీటర్స్‌బర్గ్ వద్దనలేదు. నీ రెండు పెళ్లిళ్లూ వద్దనలేదు. అనాల్సిందేమో.

దానికి సోడా పొయ్యకండి.

తింటోందా? దగ్గుతోందా?

ఉస్తీన్యా


పీటర్స్‌బర్గ్,
తెల్లవారినా చీకటిపడినా ఒకటేలా ఉండే జూన్

అక్కా,

కోపమొచ్చిందా? నీకు కోపమొస్తే కూడా శాలువా గురించే రాస్తావు. అది పొరపాటున నా సంచిలోకి వచ్చింది. ఇప్పుడది కళ. పంపలేను.

మాస్ట్రో ఇప్పుడు నాట్యంలోకి వెళ్లాడు. రొగ్నేదా అని నా స్నేహితురాలు, నృత్య దర్శకురాలు. ఆవిడ మాట్లాడుతుంటే చేతులే ఎక్కువ మాట్లాడతాయి. "సావా, నీ నాటకంలో మాటలున్నాయి. మాట అంటే అబద్ధం. నేను అదే కథని మోకాళ్లతో చెప్తాను" అంది. చెప్పింది. స్టేజీ నిండా అమ్మాయిలు మోకాళ్లతో దాహం చూపిస్తుంటే, మధ్యలో మనవాడు నిలబడి ముందు వరస పిల్ల గౌను అంచు నుంచి నడుము దాకా నెమ్మదిగా భోంచేశాడు. ఆ పిల్ల ఏడుస్తూనే ఆడింది. జనం లేచి నిలబడి చప్పట్లు. "నగ్నమవుతున్న దేశం" అని రాశారు. వాడు మళ్లీ తినాలని రొగ్నేదా రెండో రోజు గౌన్ల అంచులకి ఉప్పు రాయించింది.

తరవాత ఒక చిత్రకారుడు వచ్చి గ్యాలరీకి కావాలన్నాడు. తెల్లటి గది, నేల మీద మట్టి, మట్టిలో డెక్క గుంట, గుంటలో నీళ్లు, మూలన మాస్ట్రో. గోడ మీద ఒకటే మాట: "తాగు". అంతే. ఊరంతా వచ్చి గుంట చుట్టూ నిలబడి గడ్డాలు నిమురుకున్నారు. ఒక విదేశీ విమర్శకుడు మాత్రం కోటు విప్పి, మోకాళ్ల మీద వంగి, నిజంగానే తాగాడు. మేక అవలేదు. ఆస్పత్రి పాలయ్యాడు. ఆ నీళ్లలో అప్పటికే మాస్ట్రో తన వంతు కలిపి ఉన్నాడు.

ఇక ఒక సంగీతకారుడు దాని అరుపుని పట్టి సంగీత నాటకంలో పెడతానంటున్నాడు. చూశావా, ఒకే కథ, ఇన్ని కళలు! మన ఊళ్లో ఉంటే ఇది ఏం చేసేది? గడ్డి తినేది.

నా దగ్గు అలాగే ఉంది. అడగలేదులే. ఊరికే చెప్తున్నా.

సావా


జాబొర్యె,
పీటర్, పాల్ ఉపవాసం

సావా,

ఆ విమర్శకుడికి ఓక్ బెరడు కషాయం ఇమ్మను. విరేచనాలు కట్టేస్తాయి.

ఈ ఏడు ఇలియా పండుగ మళ్లీ చేస్తున్నాం. సోవియట్ల కాలంలో గుడి గోదాముగా ఉన్నన్నాళ్లూ ఆగిపోయింది కదా. పాత భోజనశాల గుండిగలు పెలగేయ పిన్ని అడిగి తెచ్చింది. ఇసకతో తోముతున్నాం. తోమిన కొద్దీ నలుపే వస్తోంది. పిన్ని ఊళ్లో అందరి మీదా పాటలు కడుతోంది. నీ మీద కూడా ఒకటి కట్టింది. రాయను, ఉపవాసం.

పిల్లని తీసుకురా. ఆలస్యం చెయ్యకు.

దగ్గుతోందా?

ఉస్తీన్యా


పీటర్స్‌బర్గ్,
జులై నడిమధ్య

ఉస్తీన్యా మార్కొవ్నా గారికి,

అవును, పూర్తి పేరే రాశాను. ఇక మీదట మనం మర్యాదగా మాట్లాడుకుందాం.

నిన్న బజార్లో పెలగేయ పిన్ని మేనకోడలు పుట్టగొడుగులు అమ్ముతూ కనిపించింది. "మామయ్యా, మీ అక్క మొక్కిన మేకని ఇలియా పండక్కి పంపుతున్నావా? గుండిగలు తళతళలాడుతున్నాయి" అంది. ఏం మొక్కు? ఏం గుండిగ? అడిగితే అప్పుడు చెప్పింది. పండుగ రోజు దాన్ని కోసి, వండి, ఊరందరూ కూర్చుని తింటారట. "మంచి లేత మాంసం" అని పెదాలు కూడా నాకింది.

అక్కా! నాటకంలో నిన్ను మంత్రగత్తెని చేశానని మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకునేది నాకు. ఇప్పుడు తెలిసింది, నేను తగ్గించి చూపించాను! గుండిగలు మరుగుతున్నాయి, కత్తులు నూరుతున్నారు, నువ్వేమో "తింటోందా, తింటోందా" అని అడుగుతున్నావు. కసాయి కూడా అదే అడుగుతాడు!

పంపను. మాస్ట్రో కళాకారుడు. వాడికి చుట్టూ మనుషులున్నారు, గౌరవం ఉంది.

నిజం చెప్పాలంటే గౌరవం కొంచెం తగ్గింది. కొమ్ములొచ్చాయి, కంపు కూడా మొదలైంది. రొగ్నేదా వాణ్ని వద్దని కుక్కని పెట్టుకుంది. సంగీతకారుడు వాడి గొంతు పగిలిందని అరుపు తనే అరుస్తున్నాడు. మా వంటగదిలో నా బల్ల తప్ప అందరి బల్లలూ గది అవతలికి జరిగాయి. అందరూ సంతకాలు పెట్టి ఒక కాగితం నా తలుపుకి అంటించారు. దాన్ని వాడు తిన్నాడు. అయినా సరే, పంపను.

సవేలీ మార్కొవిచ్


జాబొర్యె,
జులై, వాన

సావా,

దీపం ముందు కూర్చుని రాస్తున్నాను. ఒక్కసారే రాస్తాను.

ఫిబ్రవరిలో పోస్టాఫీసుకి ఫోను వచ్చింది. మీ డాక్టరు, ఆడమనిషి. "మీరు వచ్చి చూసుకోండి" అంది. ఎందుకో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. మంచు పడి స్టేషను దాకా దారి లేదు. ట్రాక్టరు వాడు రానన్నాడు. నేను గుడికి వెళ్లాను. తాళం నా దగ్గరే ఉంటుంది. ఇలియా పటం ముందు నిలబడి చెప్పాను, వాణ్ని ఉంచు, ఈ వసంతంలో నా కొట్టంలో పుట్టే మొదటి మగపిల్ల నీది.

మూడో రోజున నీకు జ్వరం దిగింది. మార్చిలో పిల్ల పుట్టింది. మగపిల్ల, ఒక్కటే.

మొక్కు ఎవరి కోసమో వాళ్లకి చెప్పకూడదు. తీరేదాకా వాళ్ల ఒంట్లో ఎలా ఉందని అడగకూడదు. అడిగితే, ఇచ్చాడా లేదా అని దేవుడి చేతిలోది తడిమి చూసినట్టు. మన అమ్మమ్మ అలా చేసింది, అమ్మ అలా చేసింది. నువ్వు గుమ్మంలో నిలబడినప్పుడు నీ చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. కాళ్లు తుడుచుకో అన్నాను. అంతకంటే ఏం అన్నా అడిగినట్టే అవుతుంది.

అందుకని పిల్లని అడిగాను.

చెప్పకూడదు, చెప్పాను. అడగకూడదు. అది మాత్రం అడగను.

తీసుకొస్తావో లేదో నీ ఇష్టం. నిన్ను కూడా కోటులో పెట్టుకునే పెంచాను, సావా. దాన్ని కోయడం నాకూ సులువు కాదు.

ఉస్తీన్యా


టెలిగ్రాం, దారిలో ఒక స్టేషను నుంచి

అక్కా బయల్దేరాను మాస్ట్రోతో రైల్లో సగం పెట్టె ఖాళీ అయింది ఏం చెయ్యాలో తెలీదు వచ్చాక తిట్టు సావా


పీటర్స్‌బర్గ్,
పండుగ అయిన వారానికి

అక్కా,

బండి టైమైపోయి పరిగెత్తాను, నీతో సరిగ్గా మాట్లాడనేలేదు. నువ్వు పొద్దుటి నుంచీ గాయకుల వరసలో ఉన్నావు, తరవాత ఊరేగింపుతో పొలాలకి వెళ్లావు. గుడి వెనక ఏం జరిగిందో ఈపాటికి పెలగేయ పిన్ని చెప్పే ఉంటుంది. ఆవిడ చెప్పింది నమ్మకు. నేను చెప్పేదీ సగమే నమ్ము.

నేను మాస్ట్రోని తాడుతో పట్టుకుని గుండిగల దగ్గరికి వెళ్లాను. ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను. పెలగేయ పిన్ని కత్తి పట్టుకుని వచ్చింది. రెండడుగులు ఉందనగా ఆగిపోయి ముక్కు మూసుకుంది.

"ఇదేమిట్రా?"

"మొక్కిన మేకపిల్ల, పిన్నీ."

"పిల్లా! ఒరేయ్, ఇది పోతు! విత్తులు కొట్టించలేదా?"

"పిన్నీ, వాడు కళాకారుడు..."

"అయితే వాడి కళ నువ్వే తిను! దీన్ని వేస్తే గుండిగ కాదు, మూడూళ్లు కంపుకొడతాయి. అరవై ఏళ్ల తరవాత పండగ, ఇలియా ముక్కు మూసుకుని రథం దిగి పారిపోవాలా?"

ఆడవాళ్లందరూ వచ్చి తలా ఒకసారి వాసన చూసి, తలా ఒక మాట అన్నారు. రాయను, నువ్వు ప్రార్థన చేసుకునే మనిషివి. గొర్రెలు వేరే ఇళ్ల నుంచి వచ్చి ఉన్నాయి కాబట్టి కూటికి లోటు లేదు. కానీ మొక్కినది మొక్కినట్టు ఇవ్వలేనివాళ్లు పండుగంతా పొయ్యికి కూలి చెయ్యాలట, పాత కట్టుబాటు. "మీ అక్క దేవుడి పాట పాడుతోంది. నువ్వు మొయ్యి" అని పిన్ని నా భుజం మీద కావడి పెట్టింది.

మోశానక్కా. ఏటి నుంచి గుండిగల దాకా, ఆ ఏటవాలు దారిలో. ఎండ నీకు తెలుసు. మూడో కావడికి నాలుక పిడచకట్టింది. బకెట్టులో చెయ్యి పెట్టానో లేదో, గుడి వెనక ఉన్న ఆడవాళ్లందరూ ఒక్క గొంతుతో:

"తాగకురా తమ్ముడూ, మేకవైపోతావ్!"

చెయ్యి తీశాను. నవ్వులు. మళ్లీ ముట్టుకుంటే మళ్లీ అదే కేక. పిల్లలు కూడా మొదలుపెట్టారు. నా నాటకంలో ఆ మాటని నలభైసార్లు అనిపించాను కదా, ఇక్కడ నేనే లెక్క తప్పాను. ఆఖరికి పిన్ని రొట్టె పులియబెట్టి చేసిన క్వాస్ ఒక లోటా ఇచ్చి, "ఇది తాగు, దీంతో మహా అయితే గాడిదవవుతావు" అంది.

ఆ తరవాతి కావడికి ఏటి గట్టున బురదలో కాలు జారింది. బకెట్లు ఒకవైపు, నేనొకవైపు, గట్టు మీంచి కింద దాకా దొర్లాను. పైనుంచి పిన్ని గొంతు:

"ఒక పల్టీ అయింది! ఇంకో రెండు కొట్టు సావా, మనిషివైపోతావ్!"

ఊరంతా గట్టు మీద నిలబడి నవ్వుతోంది. మాస్ట్రో వచ్చి నా చొక్కా కాలరు నమలడం మొదలుపెట్టాడు. అక్కా, ఇరవై ఏళ్లుగా నాటకాలు వేస్తున్నాను. ఇంత మంది నవ్వడం, ఇంత సూటిగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. విమర్శకుడు లేడు. నిగ్రహం లేదు. నేను కూడా బురదలో పడుకుని నవ్వాను. నవ్వుతుంటే దగ్గు వచ్చింది, దగ్గి దగ్గి ఆగింది. ఆగాక చూస్తే, ఊపిరి అడుగు దాకా పోయింది. ఫిబ్రవరి తరవాత మొదటిసారి.

మిగతాది నువ్వు చూశావు. మొక్కు అంటే ఇవ్వడం, కోయడం కాదు అని ఫాదర్ నికోదిమ్ మాస్ట్రో తాడు ఊరి మందల కాపరి చేతికిచ్చాడు. మన ఊళ్లో ఇక పుట్టే మేకపిల్లలన్నిటికీ కొంచెం కళ ఉంటుంది, గౌన్లు జాగ్రత్త అని చెప్పు.

శాలువా పొయ్యి అరుగు మీద పెట్టి వచ్చాను.

ఒక మాట. ఆ ఏటి గట్టు సీనుని నాటకంగా వెయ్యాలని ఉంది. ఈసారి అక్క ఏమీ మాట్లాడదు. వెనక ఎక్కడో పాడుతూ ఉంటుంది, అంతే. వెయ్యనా?

సావా


జాబొర్యె,
యాపిల్ పండుగ

సావా,

శాలువా దొరికింది. పొగాకు వాసన, మేక వాసన. ఉతికాను. రెండోది పోలేదు.

నాటకం వద్దు.

ఒకసారి అని చూద్దామనిపించింది. నువ్వెలాగూ తాగుతావు.

మొక్కు తీరిందని ఫాదర్ నికోదిమ్ అన్నాడు. ఇంకోసారి అడిగాను, తీరిందా అని. ఉస్తీన్యా మార్కొవ్నా, తీరింది, ఇంటికి వెళ్లు అన్నాడు. ఇంటికి వచ్చి కాగితం తీశాను.

ఎలా ఉన్నావురా? దగ్గు తగ్గిందా? పొడి దగ్గా, కఫమా? రాత్రిళ్లు చెమట పడుతోందా? ఎడమవైపు నొప్పి అనేవాడివి, ఉందా? మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? ఆస్పత్రిలో నీళ్లయినా చల్లటివి ఇచ్చారా, కాచి ఇచ్చారా? జ్వరంలో నన్ను పిలిచావా? ఆ డాక్టరు మంచిదేనా, ఆవిడ పేరేమిటి, దీపం పెట్టేటప్పుడు చెప్పుకోవాలి. పొద్దున ఏం తింటున్నావు? టోపీ పెట్టుకుంటున్నావా? ఈస్టర్‌కి నీ చెంపలు అంతలా ఎందుకు పోయాయి? బురదలో పడ్డప్పుడు తల తగిలిందా? ఊపిరి అడుగు దాకా పోయిందని రాశావు, ఇంకా పోతోందా?

అన్నిటికీ జవాబు రాయి. ఏదీ వదిలెయ్యకు.

మేక బాగానే ఉంది. దాన్ని అడగకు.

అక్క